కొత్తవాళ్ళకి గొడుగు

2006 నవంబరు 3, శుక్రవారం

ఇవాళ జమీలా అడిగింది. "మేడమ్, ఖాళీ దొరికితే మీరు ఆడే ఆ ఓడల ఆట, నేనూ చేరొచ్చా?" అని.

మధ్యాహ్నం బ్యాచ్ వెళ్ళిపోయాక ఇన్‌స్టిట్యూట్‌లో మేమిద్దరమే ఉన్నాం. కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్లు ఒక్కొక్కటే లేస్తుంటే నా స్క్రీను మీద హార్బర్ ఆట తెరుచుకుంది. ఆ పిల్ల చూసింది, అడిగింది. అంతే.

ఏం చెప్పాలి? ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆట కాదు. తొంభై ఎనిమిదిలో ఎవరో తెల్లవాళ్ళు నెట్‌లో మొదలుపెట్టారు. ఉన్న దీవులన్నీ ఎప్పుడో పంచేసుకున్నారు, కోటలు కట్టేసుకున్నారు. కొత్తగా వచ్చినవాడు చిన్న ఓడ వేసుకుని రేవు దాటితే చాలు, పాతవాళ్ళు ముంచేస్తారు. పది నిమిషాలు పట్టదు. బతకాలంటే ఏదో ఒక దళం నీడకి రావాలి. గొడుగు అంటాం దాన్ని. మాది కొండవీడు దళం. అందరూ తెలుగువాళ్ళే, అరవై మంది దాకా ఉన్నారు. దళానికి పెద్ద కెప్టెన్. ఆయన్ని ఎవరూ చూడలేదు. హైదరాబాదని ఒకరంటారు, ఒంగోలని ఒకరంటారు.

నెల రోజులుగా ఆట చర్చల్లో ఇదే గొడవ: కొత్తవాళ్ళని రమ్మనాలా వద్దా? రాకపోతే ఆట చచ్చిపోతుందని కొందరు. వస్తే వాళ్ళకేం మిగిలిందిక్కడ, మన నోట్లో పడ్డానికా రావడం అని కొందరు. మా దళం వరకూ కెప్టెన్ తేల్చేశాడు. నెలాఖరులోగా పాతవాళ్ళు తలా ఒక కొత్తమనిషిని తేవాలి. నాకు మాత్రం విడిగా రాశాడు: "నీ దగ్గర చదువుకునే ఆడపిల్లలున్నారుగా."

జమీలాకి పంతొమ్మిదేళ్ళు. చురుకైన పిల్ల. ఇంగ్లీషంటే భయం పోతుంది, టైపింగ్ వేగం పెరుగుతుంది. ఎక్కడైనా కొత్తవాళ్ళొస్తేనే కదా బతికేది. మంచిదే.

నవంబరు 6

నేనేం చేర్చలేదు. తనే చేరింది. పేరు 'గోరింట' అని పెట్టుకుంది.

నవంబరు 8

గోరింట ఓడని పొద్దున్నించి మూడుసార్లు ముంచారు. మూడోసారి జమీలా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను వాళ్ళనేం చేశాను మేడమ్?" అంది. ఏం చెయ్యక్కర్లేదమ్మా, కొత్తగా రావడమే చాలు అన్నాను. నవ్వాను కూడా.

నాలుగోసారి కొండవీడు జెండా ఎగరేసుకుని వెళ్ళింది. ఎవడూ దగ్గరికి రాలేదు. ఆ పిల్ల మొహం ఎంత వెలిగిపోయిందో! వాళ్ళమ్మ మాబూబీ హైవే పక్కన పరుపుల కొట్లో పొద్దస్తమానం దూది నింపి సూదితో కుడుతుంది. ఈ పిల్ల జుట్టులో ఎప్పుడూ ఒకటో రెండో దూది పోగులుంటాయి. చేత్తో తీసేస్తూ, "అమ్మకి చెప్పకండి మేడమ్, క్లాసు మానేసి ఆడుతున్నాననుకుంటుంది" అంది.

సాయంత్రం కెప్టెన్ రాశాడు: "మంచి పని చేశావ్." నా ఉత్తరాల ఊసెత్తలేదు. ఎన్నాళ్ళకో అన్నం సయించింది.

నవంబరు 12, ఆదివారం

గుళ్ళో మా ఆయన జోసఫ్ వాక్యం చదివారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. అందరూ తలొంచుకుని విన్నారు. నేను మాత్రం ఆ ఉత్తరాలు ఆయన చదువుతున్నట్టు, ఇంతమందిలో, ఇదే గొంతుతో చదువుతున్నట్టు ఊహించుకుంటూ కూర్చున్నాను.

రెండేళ్ళ కిందట, రెండో బిడ్డ కూడా నిలవనప్పుడు, ఆయన నాతో మూడు నెలలు సరిగా మాట్లాడలేదు. స్కూలు, ట్యూషన్లు, ఆదివారం బడి. ఆ మూడు నెలలూ నేను కెప్టెన్‌కి రాశాను. ఆయన అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. జోసఫ్‌ని చూస్తే అసహ్యం వేస్తోందని రాశాను. వెళ్ళిపోవాలనుందని రాశాను. ఇంకా రాశాను. ఫోటో ఇచ్చాను, ఇంటి నంబరిచ్చాను, జోసఫ్ పనిచేసే స్కూలు పేరు కూడా నేనే చెప్పాను. అప్పుడది స్నేహం.

అవన్నీ దాచుకున్నానని కెప్టెన్ పోయినేడు చెప్పాడు. సరదాగానే చెప్పాడు.

నవంబరు 15

ఏం లేదు. అంతా బాగానే ఉంది.

నవంబరు 17

జమీలా రెండు రోజులు రాలేదు. ఇవాళ వచ్చింది. నేను వెనకనించి వెళ్తే చటుక్కున మెసేజీల కిటికీ మూసేసింది. స్క్రీను మీద ఖాళీ పేజీ. "ఏం రాస్తున్నావు?" అంటే "లీవు లెటరు ప్రాక్టీసు మేడమ్" అంది. పేజీలో ఒక్క అక్షరం లేదు.

అడగాల్సింది. అడగలేదు. ఒంట్లో బాగాలేదేమో.

నవంబరు 20

అడిగాను.

"కెప్టెన్ గారు ఫోటో అడిగారు మేడమ్, ఇచ్చాను. నమ్మకం కోసమంట. మా కొట్టు ఫోన్ నంబరు కూడా ఇచ్చాను. తర్వాత వేరే ఫోటో పంపమన్నారు. నేను పంపనన్నాను. అయితే మీ అమ్మకి ఫోన్ చేసి, నీ కూతురు నాతో ఏమేం మాట్లాడిందో చెప్తానన్నారు. నేనేం మాట్లాడలేదు మేడమ్! ఒట్టు!"

"ఎందుకిచ్చావే నంబరు?"

"మీరూ ఇచ్చారుగా! మీ మేడమే ఇచ్చింది, నీకేంటి అన్నారు."

ఆ పిల్ల నావైపే చూస్తోంది, నేనేదో ఉపాయం చెబుతానని. నేనేం చెప్పానంటే, "ఏం కాదులే, ఊరికే బెదిరిస్తాడు" అన్నాను. ఆ మాట నాకు నేను ఏడాదిగా చెప్పుకుంటున్నదే.

నవంబరు 21

మూడో తారీఖున రాసింది అబద్ధం.

జమీలా అడగలేదు. కరెంటు పోలేదు. నేనే పిలిచాను. "ఇలా రా, నీకో ఆట చూపిస్తా" అని నా కుర్చీలో కూర్చోబెట్టాను. నాకు ఆట సరిగా రాదు మేడమ్, ఇంట్లో పనుంది అని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ భుజం పట్టి కూర్చోబెట్టాను. గోరింట అనే పేరు కూడా నేనే పెట్టాను.

ఈ పుస్తకం ఎవరూ చూడరు. ఇందులో కూడా అబద్ధం రాసుకున్నానంటే నాకు ఎంత భయం పట్టుకుందో! కెప్టెన్ ఒకరిని తెమ్మన్నాడు. నా బదులు ఒకరిని ఇచ్చేశాను. బ్యాచ్‌లో ఎవరు తిరగబడరో చూసి మరీ ఇచ్చాను.

నవంబరు 22

ఆ పిల్లని వదిలెయ్యమని రాశాను. దణ్ణం పెడతానని రాశాను. అరగంటలో జవాబొచ్చింది. నేను రెండేళ్ళ కిందట జోసఫ్ గురించి రాసిన నాలుగు వాక్యాలు, తప్పులతో సహా, నాకే తిప్పి పంపాడు. కింద రెండు ముక్కలు: "మాస్టారి స్కూలు అడ్రసు మారలేదుగా? 27న సింగరాయకొండలో కొత్తవాళ్ళని కలుస్తున్నాను. ఒక్కొక్కరినే. నువ్వు రానక్కర్లేదు."

పక్కనే పత్తి జిన్నింగ్ మిల్లు హారన్ మోగితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నవంబరు 23

చెప్పాలి. రేపు జోసఫ్‌కి చెప్తాను.

నవంబరు 24

ఇవాళ ఆయనకి తలనొప్పి. రేపు.

నవంబరు 25

జమీలాతో, "సోమవారం ఎక్కడికీ వెళ్ళకు" అన్నాను. "ఎక్కడికెళ్తాను మేడమ్?" అంది, తల ఎత్తకుండా. నాకు చాలనిపించింది ఆ జవాబు. రేపు ఆదివారం, రేపు ఇంట్లో చెప్తాను.

నవంబరు 26

చెప్పలేదు.

నవంబరు 28, మంగళవారం

నిన్న జరిగింది నిన్న రాయలేకపోయాను.

పది గంటలకి ఇన్‌స్టిట్యూట్ ఫోన్ మోగింది. మాబూబీ. "మేడమ్ గారూ, మా జమీలాకి స్పెషల్ క్లాసు ఎన్నింటిదాకా అండీ? కేరేజీ మర్చిపోయి ఎనిమిదింటికే పరిగెత్తింది."

స్పెషల్ క్లాసు లేదు. ఆ పిల్ల రానేలేదు. నా నోట్లోంచి వచ్చిన మాట, "ఐదింటిదాకా." అంత అలవాటైపోయింది నాకు అబద్ధం.

ఫోన్ పెట్టేసి లెక్కేశాను. ఎనిమిదింటి బస్సెక్కితే ఒంగోలులో మారి పదకొండున్నరకల్లా దిగుతుంది. తాళం వేసి జోసఫ్ స్కూలుకి పరిగెత్తాను. ఆయన తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నారు. సుద్దముక్క చేత్తో పట్టుకునే బయటికి వచ్చారు.

"ఏవండీ, బండి తియ్యండి. సింగరాయకొండ వెళ్ళాలి."

"ఎవరికేమైంది?"

"జమీలా. నా స్టూడెంటు. ఒకడు రమ్మన్నాడు. వెళ్ళింది."

"ఎవడు?"

"దారిలో చెప్తాను. మీకు దణ్ణం పెడతా, ముందు పదండి."

హైవే నిండా పత్తి లారీలు. తుపానుకి తడిసి రంగు మారిన పత్తిని కూడా ఎత్తుకుపోతున్నారు, దూది ఎగిరి మొహాన కొడుతోంది. నేను ఆయన వీపుకే చెప్పాను అంతా. మొహానికి చెప్పగలిగేదాన్ని కాదు. గాలిలో ఎంత వినపడిందో తెలియదు. మేదరమెట్ల దగ్గర బండి పక్కకి తీసి ఆపారు. వెనక్కి తిరగలేదు.

"ఇంకా ఏమైనా ఉందా?" అన్నారు.

"ఉంది. మిమ్మల్ని చూస్తే అసహ్యమని రాశాను. ఆ పిల్లని నేనే ఇచ్చాను వాడికి. తెలిసే ఇచ్చాను."

లారీ ఒకటి పోయేదాకా ఆగారు. మళ్ళీ బండి స్టార్ట్ చేశారు.

మేం చేరేసరికి పన్నెండున్నర. బస్టాండులో సిమెంటు బల్ల మీద జమీలా కూర్చుని ఉంది, చున్నీ రెండు చేతులతో పిడికిట్లో బిగించుకుని. పక్కన ముట్టుకోని కూల్‌డ్రింకు. ఆ పక్కన ఒక మనిషి. నలభై ఏళ్ళుంటాయి. జేబులో పెన్ను, ఒళ్ళో టిఫిన్ బాక్సున్న సంచి. ఏ ఆఫీసులోనో గుమాస్తాలా ఉన్నాడు. ఇలాంటి మనిషిని రోజుకి పదిమందిని చూస్తాం. నేను ఏడాదిగా భయపడింది ఇతనికా అనిపించింది. మరుక్షణం అతను నన్ను చూసి నవ్వాడు.

"రండి దేవకుమారి గారూ. ఫోటోలో కంటే చిక్కిపోయారు. నమస్తే జోసఫ్ మాస్టారూ."

ఎంతో మర్యాదగా అన్నాడు.

జోసఫ్ అతని కాలరు పట్టుకున్నారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన ఎవరి మీదా చెయ్యెత్తగా చూడలేదు. అతను విడిపించుకోలేదు. గొంతు తగ్గించి అన్నాడు:

"అరవండి మాస్టారూ. జనం వస్తారు. ముందు ఈ పిల్ల పేరడుగుతారు. ఏ ఊరు, ఎవరమ్మాయి అంటారు. తర్వాత మీ ఆవిడ పేరడుగుతారు. పిలవమంటారా పోనీ?"

అప్పటికే ఇద్దరు ముగ్గురు ఇటు చూస్తున్నారు. జమీలా, "వద్దు సార్, వద్దు సార్" అని ఏడుస్తోంది. జోసఫ్ కాలరు వదిలేశారు. ఆ మనిషి చొక్కా సర్దుకుని, సంచి తీసుకుని, నిలబడి ఉన్న కందుకూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా మావైపు చూడనే లేదు. పేరు తెలియదు. ఊరు తెలియదు. మొహం మాత్రం తెలుసు.

జమీలాని అతను ఏమీ చెయ్యలేదు. ఇక్కణ్ణించి ఇంకెక్కడికో వెళ్దామన్నాడట, ఆటో కోసం చూస్తున్నాడట. ఇంకో పావుగంట మేం రాకపోతే.

జోసఫ్ బండి మీద ఒక్కరే వెనక్కి వచ్చారు. నేనూ జమీలా బస్సెక్కాం. ఒంగోలు దాటాక అడిగింది.

"ఆయన ఇలాంటివాడని మీకు ముందే తెలుసా మేడమ్?"

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది.

"తెలుసు" అన్నాను.

లేచి, ముందు సీట్లో ఎవరో ముసలమ్మ పక్కన కూర్చుంది. చిలకలూరిపేట వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

నవంబరు 29

మాబూబీ కొట్టుకి వెళ్ళాను. జమీలా అప్పటికే చెప్పేసినట్టుంది. ఆవిడ నేల మీద పరుపు పరుచుకుని, మోకాలి కింద అదిమిపెట్టి, పొడుగాటి సూదితో కుడుతోంది. నన్ను కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను, మొదటినుంచి, భుజం పట్టి కూర్చోబెట్టిన దగ్గర్నుంచి.

"అంటే గొయ్యి ఉందని తెలుసు నీకు" అంది. ఎప్పుడూ మేడమ్ గారూ అనే మనిషి.

"తెలుసండీ."

"తెలిసే తోశావా?"

"నన్ను నేను కాపాడుకుందామని..."

"పంతుళ్ళని నమ్మి పంపిస్తాం. మాకు అక్షరం ముక్క రాదు. ఆ కంప్యూటర్లో ఏముందో మాకేం తెలుసు?" సూది గుచ్చింది, లాగింది. "ఇక మా పిల్ల నీ దగ్గరికి రాదు. వెళ్ళు."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

నవంబరు 30

పోస్టుమాన్ మా వీధిలో ఆగకుండా వెళ్ళాడు.

డిసెంబరు 1

ఇవాళ కూడా.

డిసెంబరు 4, సోమవారం

స్కూలుకి వచ్చింది కవరు. జోసఫ్‌కి ఒకటి, హెడ్మాస్టరు గారికి ఒకటి. హెడ్మాస్టరు తన కవరు కూడా మాట్లాడకుండా జోసఫ్ చేతిలో పెట్టారట. చదివే ఉంటారు.

జోసఫ్ రెండూ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. పద్దెనిమిది కాయితాలు.

"అన్నీ చదివాను" అన్నారు.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"పిల్లలు పోయినప్పుడు నేను నోరు విప్పలేదని రాశావు. అది నిజమే. నాకేం అనాలో తెలియలేదు. నాకు చాలా కోపంగా ఉంది కుమారీ. నాతో అనలేని మాట ముక్కూ మొహం తెలియనివాడితో అన్నావు. ఆ కోపం ఎప్పుడు పోతుందో చెప్పలేను."

"నన్ను క్షమించండి."

"ఇదైతే ఎప్పటికో క్షమిస్తానేమో. ఆ పిల్ల సంగతి నేను క్షమించేది కాదు. నన్నడిగి లాభం లేదు."

కాయితాలు అక్కడే వదిలేసి ట్యూషనుకి వెళ్ళారు. నేను వాటిని పొయ్యిలో పెట్టలేదు. కాలిస్తే లేనట్టవుతుందా?

ఏ రోజుకి భయపడి ఇంత చేశానో ఆ రోజు వచ్చింది. ఇల్లు అలాగే ఉంది. అన్నం వండాను. భయం మాత్రం పోలేదు. ఇప్పుడు వాడి చేతిలో ఏముందని? అయినా పోలేదు.

డిసెంబరు 5

ఆటలో కొత్తవాళ్ళ పేజీ ఒకటుంటుంది. చేరదామా వద్దా అనుకునేవాళ్ళు ముందు అక్కడికే వస్తారు. ఇవాళ అక్కడ రాశాను. దొంగపేరుతో కాదు. దేవకుమారి, చిలకలూరిపేట అని.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే రాశాను. "చేరొచ్చా అని అడిగేవాళ్ళకి. ఆట మంచిదే, సముద్రం మంచిదే. నేను మూడేళ్ళు ఆడాను. కానీ ఇక్కడ పాతవాళ్ళు కట్టిన కోటలున్నాయి, వాటి నీడలో బతకాలంటే అద్దె అడుగుతారు. ఫోటో అడిగితే ఇవ్వకండి. నంబరు అడిగితే ఇవ్వకండి. కొండవీడు కెప్టెన్ ఈ రెండూ అడుగుతాడు, తర్వాత మిమ్మల్ని రమ్మంటాడు. నేను ఇచ్చాను. ఇచ్చి, భయపడి, నా దగ్గర చదువుకునే ఒక అమ్మాయిని అతని దగ్గరికి నేనే చేర్చాను. ఓడ మునిగితే మునగనివ్వండి. ఇంకోటి వస్తుంది."

జమీలా పేరు రాయలేదు. ఊరు నాది మాత్రమే రాశాను.

పంపాక కంప్యూటరు కట్టేసి, తాళం వేసి ఇంటికి వచ్చేశాను.

డిసెంబరు 7

మధ్యాహ్నానికి నా మూడేళ్ళ ఓడల్ని ముంచేశారు, పదకొండూ. కొండవీడు వాళ్ళే. నిన్నటిదాకా అక్కా అని పిలిచినవాళ్ళు. కొందరు బూతులు రాశారు. ఒకాయన, "ఇవన్నీ రాస్తే కొత్తవాళ్ళెవరొస్తారు, ఆటని చంపుతున్నావు" అన్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళు, 'నాకూ' అని ఒక్క మాట రాశారు.

ఇంకొకటి నాకే విడిగా వచ్చింది. మంగళగిరి నుంచి. హెలెన్ అట, డిగ్రీ మొదటేడు. "అక్కా, నేను చేరి వారమే అయింది. నిన్ననే నంబరిచ్చాను. ఇవాళ మీది చదివాను. ఇంట్లో చెప్తే చంపేస్తారు. మీరొచ్చి చెప్తారా?"

ఆమె ఎవరో నాకు తెలియదు. ఇది కూడా వాడి పన్నాగమేమో. హెలెన్ అనే పిల్లే లేదేమో. మంగళగిరిలో ఆ ఇంటి తలుపు వాడే తీస్తాడేమో.

డిసెంబరు 8

మాబూబీ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు. భుజం మీద ఇంకా దూది ఉంది.

"ఏదో రాశావంట గదా. మా పిల్ల నెట్ సెంటరుకి నన్నే తీసకపోయి చదివి వినిపించింది. దాని పేరు రాయలేదంది."

"రాయలేదండీ."

"ఎవరైనా పలికారా?"

హెలెన్ సంగతి చెప్పాను. నా భయం కూడా చెప్పాను.

"నువ్వొక్కదానివే వెళ్తే నిన్నెవరు నమ్ముతారు? నేనైతే నమ్మను. నేనొస్తా. కన్నతల్లి చెప్తే వింటారు." మెట్లు దిగి మళ్ళీ ఆగింది. "నీ మీద జాలిపడి కాదు."

"తెలుసండీ."

డిసెంబరు 9, శనివారం

జోసఫ్‌కి ఎక్కడికెళ్తున్నానో, ఎవరితో వెళ్తున్నానో, ఎందుకో, వెళ్ళకముందే చెప్పాను. హెలెన్ పంపిన ఇంటి అడ్రసు కాయితం మీద రాసిచ్చాను. "మూడింటికల్లా ఫోన్ చెయ్. లేకపోతే నేనొస్తాను" అన్నారు.

బస్సులో మాబూబీ నా పక్కనే కూర్చుంది. గుంటూరులో జామకాయలు కొని, ఒకటి నా ఒళ్ళో పడేసింది.

మంగళగిరిలో ఇల్లు దొరకడానికి గంట పట్టింది. సన్నటి సందు, లోపల మగ్గాల చప్పుడు. ఆ ఇంటి ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. తలుపు వేసి ఉంది. దాని వెనక ఎవరుంటారో తెలియదు. సంచి పట్టుకుని, నెమ్మదిగా నవ్వుతూ, రండి దేవకుమారి గారూ అంటూ. వెనక్కి తిరుగుదామనుకున్నాను. మాబూబీ నా వెనకే, సందు మొత్తం తనదే అన్నట్టు నిలబడి ఉంది.

కొట్టాను.

ఒకావిడ తీసింది. చేతులు తడిగా ఉన్నాయి, కొంగుతో తుడుచుకుంటోంది. ఆవిడ భుజం వెనకనించి ఓ అమ్మాయి నన్ను చూసింది. మొహం పాలిపోయి ఉంది. పంతొమ్మిదేళ్ళు కూడా ఉండవు.

"ఎవరమ్మా మీరు?" అంది ఆవిడ.

చెప్పాల్సిన మాటలు బస్సులో వరసగా పేర్చుకున్నాను. ముందు ఆట గురించి, తర్వాత కెప్టెన్ గురించి, చివర్లో నా గురించి. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నా పేరు దేవకుమారి అండీ. నేనొక తప్పు చేశాను. ముందది చెప్తాను, తర్వాత మీ అమ్మాయి గురించి చెప్తాను. మీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు."

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తలుపు పూర్తిగా తెరిచింది.